అమెరికా వచనమూ, మన అర్జీలూ

"మా విద్యార్థులకు రాయడం రాదు" అన్న ఫిర్యాదు వినిపించని స్టాఫ్ రూము కర్నూలు, కడప జిల్లాల్లో ఎక్కడా ఉండదు. ఆ ఫిర్యాదు చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే అందులో నిజం సగమే. మన విద్యార్థికి ఒక రకం రాత బాగానే వచ్చు. దాన్ని నేర్పినవాళ్ళం మనమే. ఆ రాత ఎక్కడి నుంచి వచ్చింది? దాని స్థానంలో మనం ఏమి నేర్పాలి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

ఒక అనుభవంతో మొదలుపెడతాను. వానలు మొగం చాటేసి వేరుశెనగ నిలువునా ఎండిపోయిన ఒక ఏడు, డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు ఒక పని ఇచ్చాను. "మీ ఊళ్ళో పంట పోయింది. జిల్లా కలెక్టరుకు అర్జీ రాయండి" అన్నాను. చాలామంది గైడులో ఉన్న 'కరువు' వ్యాసం దించేశారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చే ఒక కుర్రవాడు మాత్రం సొంతంగా రాశాడు. ఓటమి విజయానికి తొలిమెట్టు అని మొదలుపెట్టాడు. రైతులు నిరాశను వదిలి ఆలోచనా విధానం మార్చుకుంటే ఆదాయం దానంతటదే పెరుగుతుందన్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా బయల్దేరి కోటీశ్వరుడైన ఒక అమెరికావాడి కథ చెప్పాడు. చివరికి కలెక్టరును అతను కోరింది ఏమిటి? రైతులకు ఆత్మవిశ్వాసం మీద ఒక ఉపన్యాసం ఏర్పాటు చేయమని!

ఆ కుర్రవాడి తండ్రికి రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. ఆ ఏడు తల్లిదండ్రులిద్దరూ ఇంటికి తాళం వేసి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయివున్నారు. ఈ సంగతి అర్జీలో ఒక్క వాక్యంగానైనా లేదు. ఎందుకు రాయలేదని అడిగాను. "అది మా పర్సనల్ గదా సార్, అర్జీలో రాయొచ్చా?" అన్నాడు.

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. తన తండ్రి కౌలు బతుకు వ్యక్తిగతమట. ఎక్కడో ఉన్న కోటీశ్వరుడి బతుకు లోకానికంతటికీ పాఠమట! ఈ తర్కం ఆ కుర్రవాడికి పుట్టుకతో వచ్చింది కాదు. వచనం ద్వారా వచ్చింది. చదివిన పుస్తకాల వాక్య నిర్మాణం నుంచే వచ్చింది.

ఆ పుస్తకాలేవో మనకు తెలుసు. ఏ బస్టాండు పుస్తకాల దుకాణంలో చూసినా అవే. డేల్ కార్నెగీ మనుషులను ఆకట్టుకోవడం ఎట్లాగో చెబుతూ 1936లో వేసిన పుస్తకం ఒకటి. రాబర్ట్ కియోసాకి 1997లో తెచ్చిన 'రిచ్ డాడ్ పూర్ డాడ్' ఒకటి. రెంటికీ తెలుగు అనువాదాలున్నాయి. వీటిని అనుసరించి మనవాళ్ళు రాసిన వ్యక్తిత్వ వికాస గ్రంథాలకు లెక్కలేదు. మన కాలేజీల్లో 'కమ్యూనికేషన్ స్కిల్స్', 'సాఫ్ట్ స్కిల్స్' అన్న పేర్లతో జరిగే పాఠాల్లో వినబడేదీ చాలావరకు ఈ గొంతే. అంటే ఇవాళ మన డిగ్రీ విద్యార్థి ఒప్పించే వచనం నేర్చుకుంటున్నది అమెరికా జనరంజక వచనం నుంచే. దీన్ని ఎవరూ ఒక విధానంగా ప్రకటించలేదు, అయినా జరిగిపోయింది.

ఈ వచనం ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. మొదటి పేరాలో ఒక మనిషి, అతనికి ఒక కష్టం. రెండో పేరాలో ఒక చిన్న సంభాషణ. మూడో పేరాలో అతని మనసు మారుతుంది, వెంటనే అదృష్టమూ మారుతుంది. చివర రచయిత పాఠకుడి వైపు తిరిగి "మీరు కూడా" అంటాడు. వాక్యాలు పొట్టివి, మాటలు తేలికవి, పేజీ తిప్పకుండా ఉండలేం. ఇంత నేర్పుగా కట్టిన పందిట్లో ఎవరు లేరో గమనించండి. యజమాని లేడు, బ్యాంకు లేదు, మార్కెట్టు లేదు, ప్రభుత్వం లేదు. 1929లో కుప్పకూలిన అమెరికా ఆర్థిక వ్యవస్థ ఇంకా కోలుకోక, లక్షలమంది పని కోసం తిరుగుతున్న 1936లో, మనుషులతో నవ్వుతూ మాట్లాడండి, వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోండి అని చెప్పిన పుస్తకానికి అంత గిరాకీ రావడం యాదృచ్ఛికం కాదు. ఉద్యోగాలు లేవన్న నిజాన్ని, నీకు నేర్పు లేదన్న నిందగా మార్చడమే ఈ వచనం చేసే పని.

'రీడర్స్ డైజెస్ట్' చరిత్రా అంతే. 1922లో అమెరికాలో పుట్టి, 1954లో భారతీయ సంచిక మొదలుపెట్టింది. ఇంగ్లీషు మెరుగుపడుతుందని మన గుమాస్తాలూ మాస్టర్లూ తరాలపాటు దాన్ని చదివారు. ఇంగ్లీషు మెరుగుపడే వుంటుంది. దానితోపాటు, ఎంతటి సాంఘిక సమస్యయినా ఒక మనిషి గుండె ధైర్యంతో తీరిపోతుందన్న నమ్మకమూ ఒంటబట్టింది.

ఇంతవరకు చదివిన మన మిత్రులు కొందరు సంతోషిస్తారు. "మేము మొదటి నుంచీ చెబుతున్నదే గదా! అమెరికా సరుకును గుమ్మంలోకి రానివ్వకూడదు" అంటారు. వాళ్ళతోనే నా అసలు పేచీ.

వాళ్ళ అనుమానానికి ఆధారం ఉంది. దాన్ని నేను కాదనను. తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషల్లో చవక పుస్తకాల ప్రచురణకు తోడ్పడటానికి 1955లో మద్రాసులో ఏర్పడిన దక్షిణ భాషా పుస్తక సంస్థ వెనక ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుంది. ఇప్పుడు ఇఫ్లూ అని పిలుస్తున్న విశ్వవిద్యాలయం 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలైనప్పుడూ ఫోర్డ్ సహాయం ఉంది. 1964లో అదే నగరంలో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం వెలసింది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో ఇవన్నీ కేవలం సాహిత్యాభిమానంతో జరిగాయని ఎవరూ నమ్మనక్కరలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘాన్ని నిలబెట్టిన తరం ఈ డబ్బు ఎవరిదని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. కాని అదొక్కటే ప్రశ్న అయిపోయినప్పుడు విమర్శకు సోమరితనం పడుతుంది. ప్రతి జాతి సంస్కృతిలోనూ రెండు సంస్కృతులుంటాయని లెనిన్ 1913లో రాశాడు. ఆ మాట రష్యాకు వర్తించి అమెరికాకు వర్తించదా?

ఇంతకీ గుమ్మం మూసి మనం లోపల ఏమి వండుకున్నాం? మన పత్రికల్లో, కరపత్రాల్లో నిత్యం కనబడే వచనం ఎట్లా ఉంటుందో మచ్చుకు ఒక వాక్యం కట్టి చూపిస్తాను: "సామ్రాజ్యవాద ప్రపంచీకరణ నేపథ్యంలో వ్యవసాయ సంక్షోభం నానాటికీ తీవ్రరూపం దాలుస్తున్న తరుణంలో రైతాంగం సంఘటిత పోరాటాలకు సన్నద్ధం కావలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయితే ఈ వాక్యంలో రైతు ఎక్కడ? ఏ ఊరు? ఎన్ని ఎకరాలు? ఎంత అప్పు? పత్తికొండ మార్కెట్టులో కిలో టమోటాకు రూపాయి కూడా పలకక, కాయల్ని రోడ్డు మీద పారబోసి ఇంటికి పోయిన మనిషి ఈ వాక్యం చదివి తన గురించేనని గుర్తుపడతాడా? కార్నెగీ వచనం రైతు కష్టాన్ని అతని మనస్తత్వంగా మార్చి మాయం చేసింది. మన వచనం అదే కష్టాన్ని పారిభాషిక పదాల కింద పూడ్చి మాయం చేసింది. ఉద్దేశాలు వేరు కావచ్చు. కాని మా కుర్రవాడి అర్జీలో అతని తండ్రికి చోటు లేకుండా పోవడానికి రెండు వైపుల నుంచీ సహాయం అందింది.

అందుకే అంటున్నాను: అమెరికా జనరంజక వచనాన్ని మన విద్యార్థులు చదవాలి. ఇప్పుడు చదువుతున్నదానికంటె ఎక్కువ చదవాలి, ఇప్పుడు చదువుతున్న పద్ధతిలో మాత్రం చదవకూడదు.

ఆ వచనంలో ఇంకో పరంపర ఉంది. థామస్ పెయిన్ 1774లో ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాడు. 1776 జనవరిలో 'కామన్ సెన్స్' అన్న చిన్న పుస్తకం అచ్చువేశాడు. రాజరికం ఎందుకు ఉండకూడదో వృత్తిపనివాళ్ళకు, సేద్యగాళ్ళకు అర్థమయ్యే భాషలో, వాళ్ళకు బాగా తెలిసిన బైబిలు కథలనే సాక్ష్యంగా పెట్టి వాదించాడు. పండితుల కోసం రాసివుంటే ఆ పుస్తకం పండితుల దగ్గరే ఆగిపోయేది.

ఫ్రెడరిక్ డగ్లస్ సంగతి మన విద్యార్థులకు ఇంకా దగ్గరిది. బానిసగా పుట్టినవాడు, చదువు నిషేధించబడినవాడు. పన్నెండేళ్ళ ప్రాయంలో బాల్టిమోరులో చిల్లర కూడబెట్టి, యాభై సెంట్లు పెట్టి 'ది కొలంబియన్ ఒరేటర్' అన్న పాఠ్యపుస్తకం కొనుక్కున్నాడు. 1797లో వచ్చిన ఆ పుస్తకం నిండా ఉపన్యాసాలూ, సంభాషణలూ. వాటిలో ఒకటి ఒక యజమానికీ అతని బానిసకూ మధ్య వాదన. బానిస తన వాదనతో యజమానిని గెలిచి విముక్తుడవుతాడు. ఒప్పించే వచనం అంటే ఏమిటో డగ్లస్‌కు తెలిసింది అక్కడే. 1838లో పారిపోయి స్వేచ్ఛ సంపాదించాడు. అతను వేదికలెక్కి మాట్లాడుతుంటే, ఇంత బాగా మాట్లాడేవాడు బానిసగా ఉన్నాడంటే నమ్మం అన్నారు జనం. దానికి జవాబుగా 1845లో ఆత్మకథ రాశాడు. అందులో యజమానుల పేర్లు రాశాడు, ఊళ్ళ పేర్లు రాశాడు. ఆ పేర్లవల్ల తిరిగి పట్టుబడే ప్రమాదం వచ్చి కొంతకాలం సముద్రం దాటి బ్రిటన్‌లో ఉండవలసివచ్చింది. తన బతుకు పర్సనల్ అనుకొని అతను దాచివుంటే బానిసత్వానికి వ్యతిరేకంగా అంత బలమైన సాక్ష్యం ఉండేది కాదు.

అప్టన్ సింక్లెయిర్ 1904లో షికాగో కబేళాల్లో ఏడు వారాలు తిరిగి, చూసినదాన్ని నవలగా మలిచాడు. 'ది జంగిల్' 1905లో ఒక సోషలిస్టు వారపత్రికలో సీరియల్‌గా, 1906లో పుస్తకంగా వచ్చింది. అదే ఏడు అమెరికాలో మాంసం తనిఖీకి, ఆహారం మందుల శుద్ధికి చట్టాలు వచ్చాయి. అయితే కబేళా కూలీల జీతాలు, పనిగంటలు ఆ చట్టాల్లోకి ఎక్కలేదు. పాఠకుడు కూలీ కోసం కంటె తన పళ్ళెంలోని మాంసం కోసం ఎక్కువ కంగారుపడ్డాడు. జనరంజక వచనానికి ఉన్న బలమూ, దాని హద్దూ ఈ ఒక్క ఉదాహరణలోనే కనబడతాయి. ఇటువంటి పాఠం మన ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

ఇక 'ఏడు తరాలు'. మన హాస్టళ్ళలో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయిన పుస్తకం. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి బాగా కుదించి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. హేలీ ఏ విశ్వవిద్యాలయంలోనూ రచన నేర్చుకోలేదు. అమెరికా తీర రక్షక దళంలో పనిచేస్తూ, తోటి నావికులకు ప్రేమలేఖలు రాసిపెడుతూ చెయ్యి సాఫు చేసుకున్నవాడు. తర్వాత పత్రికా రచయిత అయ్యాడు. మాల్కం ఎక్స్ ఆత్మకథను 1965లో అక్షరరూపంలోకి తెచ్చిందీ అతనే. 'రూట్స్' పరిశోధనకు డబ్బు సాయం చేసిన వాటిలో నేను పైన తిట్టిన 'రీడర్స్ డైజెస్ట్' కూడా ఉంది! ఆ డబ్బు చూసి పుస్తకాన్ని గుమ్మంలోనే ఆపివుంటే మనం ఏమి పోగొట్టుకునేవాళ్ళమో ఆలోచించండి. అదే సమయంలో, ఆ పుస్తకం మీద వచ్చిన గ్రంథచౌర్యం దావా 1978లో రాజీతో ముగిసిందని, అతని వంశావళి వివరాలను చరిత్రకారులు ప్రశ్నించారని కూడా విద్యార్థికి చెప్పాలి. మనకు నచ్చిన పుస్తకాన్ని కూడా నిలదీయడం నేర్పకపోతే, నచ్చని పుస్తకాన్ని నిలదీసే హక్కు మనకు లేదు.

ఇక్కడ మా తెలుగు శాఖల నుంచే ఒక ఆక్షేపణ వస్తుంది. "మన భాషలో వచనం లేదా? అమెరికా దాకా పోవాలా?" అని. ఎందుకు లేదు! కందుకూరి 'వివేకవర్ధని' ఉంది. నార్ల సంపాదకీయాలున్నాయి. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉన్నాడు. ఎం.ఏ. చదివినవాడు, బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడుపుతూ రాసిన రాతకు 1908లో జైలుకు పోయాడు. తర్వాత గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ జీవితాన్ని ఇచ్చాడు. కడప జిల్లా నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి ఉన్నాడు. 1968లో మొదలైన 'సంవేదన' త్రైమాసికలో ఆయన వాక్యం ఎంత పదునుగా నడిచిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మాస్కోలో అనువాదకుడుగా పనిచేసి, 'అనువాద సమస్యలు' రాసి, పరాయి పుస్తకం చదివినా తెలుగు వాక్యం తెలుగు వాక్యంగానే నిలవాలని పట్టుబట్టినవాడు.

కాని అయ్యా, వీళ్ళను మనం వచన గురువులుగా పాఠం చెబుతున్నామా? మన తెలుగు తరగతిలో పద్యానికి ప్రతిపదార్థం ఉంది, ఛందస్సుకు గణవిభజన ఉంది, ఉపమకూ ఉత్ప్రేక్షకూ లక్షణం ఉంది. ఒక వాదనను ఎట్లా మొదలుపెట్టాలో, ఎదుటివాడి మాటను ఎట్లా న్యాయంగా ఎత్తిచూపి ఖండించాలో, అంకెను ఎక్కడ పెట్టాలో చెప్పే పాఠం నాకు విద్యార్థిగా దొరకలేదు. అధ్యాపకుడుగా చాలా ఏళ్ళు నేనూ చెప్పలేదు. గిడుగు రామమూర్తి పోరాటం 1910లలో అంత రగులుకున్నది ఇంటర్మీడియట్ వ్యాసరచన పరీక్షలో విద్యార్థి ఏ భాషలో రాయాలన్న ప్రశ్న మీదే గదా! ఏ భాషలో రాయాలో తేల్చుకున్నాం. ఆ భాషలో ఏమి చేయాలో నేర్పడం మరిచిపోయాం. మనం ఖాళీగా వదిలిన ఆ కుర్చీలో కార్నెగీ వచ్చి కూర్చున్నాడు.

ఈ ఖాళీ ఇప్పుడు ఇంకా పెద్దదైంది. 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. తెలుగు మాధ్యమంలో పన్నెండేళ్ళు చదివి వచ్చిన పిల్లకు తెలుగులో వాదించడం మనం నేర్పలేదు, ఇంగ్లీషులో వాదించడం ఎవరూ నేర్పలేదు. మిగిలింది బట్టీ. తెలుగులో ఒక వాదన కట్టగలిగినవాడు ఇంగ్లీషులో మాటలు వెతుక్కుంటాడు. వాదనే కట్టలేనివాడికి ఎన్ని మాటలు నేర్పినా అవి దండగే.

మరి ఎట్లా నేర్పాలి? పద్ధతి కూడా అమెరికావాడి దగ్గరే దొరికింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నప్పుడు అచ్చాఫీసులో పనివాడు. తనకు నచ్చిన ఇంగ్లీషు వ్యాసాలు తీసుకొని, ఒక్కో వాక్యంలోని భావానికి చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్ళు పక్కన పెట్టి, పుస్తకం చూడకుండా ఆ గుర్తుల నుంచి వ్యాసం తిరిగి రాసేవాడు. తర్వాత మూలంతో పోల్చి తన తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తులను కలగాపులగం చేసి, మళ్ళీ వరసలో పేర్చేవాడు. ఈ పని తన ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. బానిసలను ఉంచుకున్నవాడు, బానిసల అమ్మకపు ప్రకటనలు తన పత్రికలో వేసినవాడు, ముసలితనంలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడైనవాడు. అతన్ని పూజించనక్కరలేదు. పద్ధతి తీసుకుంటే చాలు.

మా తరగతిలో అదే చేశాం. 'ఏడు తరాలు' నుంచి ఒక పుట, వ్యక్తిత్వ వికాస గ్రంథం నుంచి ఒక పుట. రెంటికీ గుర్తులు రాసి, వారం తర్వాత తిరిగి రాయించాను. ఆ పైన ఒక ప్రశ్న వేశాను: ఈ పుటలో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు? రెండో పుటకు జవాబు చెబుతూ ఒక అమ్మాయి "అప్పు ఇచ్చినోడు లేడు సార్" అన్నది. ఒక విమర్శనా సిద్ధాంతం ఆ నాలుగు మాటల్లో ఉంది.

తర్వాత ఆ కుర్రవాడు అర్జీ మళ్ళీ రాశాడు, తెలుగులో. ఊరి పేరుతో మొదలైంది. విత్తనం ఏ తేదీన వేశారో, ఆ తర్వాత ఎన్ని రోజులు వాన పడలేదో రాశాడు. ఎకరాకు విత్తనానికి, ఎరువుకు, కౌలుకు అయిన ఖర్చు వేరువేరుగా రాశాడు. తన తండ్రికి పంట సాగుదారు హక్కుల పత్రం లేదని, భూమి యజమాని సంతకం పెట్టలేదని, అందువల్ల కౌలు పొలం ఈ-క్రాప్‌లో తండ్రి పేరుతో ఎక్కలేదని, ఎక్కనందువల్ల బీమాకు అర్హత లేకుండా పోయిందని ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. చివర, ఊళ్ళో ఇట్లాంటి కౌలుదార్ల పేర్లు నమోదు చేయడానికి అధికారిని పంపమని కోరాడు. ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసం అడగలేదు.

ఆ అర్జీని కలెక్టరాఫీసుకు తీసుకుపోయే ముందు రచ్చకట్ట మీద చదివి వినిపించాడట. సుగ్గికి పోకుండా ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు విన్నారు. ఎరువు ధర తప్పు రాశావని ఒకాయన దిద్దాడు; తన పేరు కూడా చేర్చమని ఇంకొకామె అడిగింది. సోమవారం అర్జీల రోజున వెళ్ళి ఇచ్చాడు. రసీదు వచ్చింది. ఇది రాసే నాటికి అధికారి రాలేదు.

అధికారి రాలేదు కాబట్టి ఈ చదువంతా వృథా అని అనేవాళ్ళుంటారు. అర్జీ ఒక్కటే కౌలు చట్టాన్ని మార్చదని నాకూ తెలుసు. సింక్లెయిర్ నవల కూలీల జీతం పెంచలేదని పైన నేనే రాశాను. కాని కలెక్టరాఫీసు గేటు దగ్గర డబ్బిచ్చి రాయించుకున్న అర్జీలో అంకె తప్పితే ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఈ అర్జీలో తప్పిన అంకెను ఊరు పట్టుకున్నది. ఇప్పుడు ఆ కాగితం ఊరిది. రెండో అర్జీ రాసేటప్పుడు వాళ్ళు పక్కన కూర్చుంటారు.

వచ్చే విద్యాసంవత్సరం మొదటి వారంలో, ఈ పత్రిక చదివే ప్రతి తెలుగు అధ్యాపకుడూ, ప్రతి ఇంగ్లీషు అధ్యాపకుడూ తన తరగతిలో ఈ రెండు పుటల పాఠం ఒక్కసారి చెప్పి చూడమని కోరుతున్నాను. సిలబస్‌లో లేదని చెప్పకండి. కార్నెగీని మన తరగతిలోకి రానిచ్చిన రోజు మనం సిలబస్ చూడలేదు.